బూజు కాని బూజు

పందిరి మీదికి తీగ పాకిన కొత్తలో అది బీరో సొరో పోల్చుకోలేనివాళ్లు కూడా పువ్వు పూయగానే చెప్పేస్తారు. పచ్చగా పూస్తే బీర, తెల్లగా పూస్తే సొర. ప్రయోగశాలలో బూజులకు పేరు పెట్టేదీ ఇంచుమించు ఇలాగే. గాజు పళ్లెంలో పెరిగిన ఉత్త దారాలను చూసి ఏమీ చెప్పలేరు. బీజాలు వచ్చేదాకా ఆగాలి. అరటిపండులా వంగిన బీజాలుంటే ఫ్యుజేరియం. నిలువు కాడ చివర ఉబ్బిన తల, దాని చుట్టూ పూసల దండల్లా బీజాలుంటే ఆస్పర్‌జిల్లస్.

హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ప్రయోగశాలకు వచ్చిన కొన్ని బూజులు మాత్రం పూత పూయని తీగల్లా ఉండిపోయాయి. రోగి కంటి పుండు నుంచి గీసి తీసిన నమూనాను పళ్లెంలో వేస్తే ఒకటి రెండు రోజుల్లోనే పెరిగేవి. పల్చగా, రంగు లేకుండా, పళ్లెంలోని ఆహారాన్ని కరుచుకుని పాకేవి. ఎన్నాళ్లు చూసినా దారాలే తప్ప బీజాలు లేవు. పేరు తేలని బూజుగా రాసుకుని దాచేవారు. రోగికి బూజు మందే వేసేవారు. బూజులా కనిపిస్తున్నప్పుడు వేయాల్సింది అదే కదా! కానీ ఆ మందుకు పుండు మానేది కాదు.

ఆసుపత్రి సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో సుదీర్ఘకాలం పనిచేసిన డాక్టర్ సావిత్రి శర్మ, సహచరులతో కలిసి 2015లో 'కార్నియా' అనే వైద్య పత్రికలో ఈ చిక్కుముడి విప్పారు. అలా దాచిన వాటి డీఎన్ఏను చదివి చూస్తే కొన్ని అసలు బూజులే కావని తేలింది. వాటి పేరు పైథియం ఇన్సిడియోసం. లాటిన్‌లో ఆ రెండో మాటకు దొంగచాటుగా దెబ్బతీసేదని అర్థం. పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు.

అర మిల్లీమీటరు అద్దం

కంటి నల్లగుడ్డు మీద గడియారానికి అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు కాస్త అటూ ఇటూ. చూపు కోసం అది పారదర్శకంగా ఉండాలి కాబట్టి అందులో రక్తనాళాలు ఉండవు. తిండి కన్నీటి నుంచీ లోపలి ద్రవం నుంచీ, ఊపిరి గాలి నుంచీ తీసుకుంటుంది. ఈ ఏర్పాటుకు ఒక మూల్యం ఉంది. రక్తం లేని చోట సూక్ష్మజీవి దిగితే ఒంట్లోని రక్షణ దళం అంత త్వరగా అక్కడికి చేరలేదు. చేరాక జరిగే పోరాటంలో శత్రువుతో పాటు అద్దమూ దెబ్బతింటుంది. పుండు మానినా మచ్చ మిగులుతుంది. ఊళ్లలో 'కంట్లో పువ్వు వేసింది' అనేది ఆ తెల్ల మచ్చనే.

కార్నియా పైపొర చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు చాలా సూక్ష్మజీవులకు లోపలికి దారి దొరకదు. వరి ఆకు అంచు కోసినా, నూర్పిడిలో వడ్ల గింజ తగిలినా, కంప కొట్టేటప్పుడు ముల్లు గీసుకున్నా తలుపు తెరుచుకున్నట్టే. ఆకు మీద, మట్టిలో ఉన్న బూజు గీత వెంబడే లోపలికి పోతుంది.

ఇదే ఆసుపత్రి నుంచి ఉషా గోపీనాథన్, సావిత్రి శర్మ తదితరులు 2002లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని అంకెల్లో చూపించింది. 1991 నుంచి 2000 వరకు పదేళ్లలో బూజు వల్ల కార్నియా పుండు పడినట్టు రుజువైన 1352 మంది వివరాలు అందులో ఉన్నాయి. సగానికి మించి, 54.4 శాతం మందికి, అంతకుముందు కంటికి దెబ్బ తగిలింది. 64 శాతం మంది 16 నుంచి 49 ఏళ్ల లోపువాళ్లు, అంటే ఇల్లు నడిపే వయసువాళ్లు. ఆడవాళ్ల కన్నా మగవాళ్లు రెండున్నర రెట్లు. ఎండాకాలం కన్నా వానాకాలం, చలికాలాల్లోనే కేసులు ఎక్కువ. దొరికిన బూజుల్లో ఫ్యుజేరియం 37 శాతం, ఆస్పర్‌జిల్లస్ 31 శాతం.

మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రిలో 1994 మొదటి మూడు నెలల్లో వచ్చిన 434 మంది కార్నియా పుండు రోగులను పరీక్షించినప్పుడు ఇంకో ముఖ్యమైన విషయం బయటపడింది. సూక్ష్మజీవి దొరికిన వారిలో బ్యాక్టీరియా, బూజు దాదాపు సమానం. అంటే నీరుకారుతూ ఎర్రబడిన కన్నుతో పొలం నుంచి వచ్చిన మనిషిని చూసి, పరీక్ష చేయకుండా ఇది ఫలానా అని చెప్పడం బొమ్మా బొరుసూ వేయడమే. బ్యాక్టీరియా మందు బూజును చంపదు. బూజు మందు బ్యాక్టీరియాను చంపదు.

గీసి చూస్తే తెలిసేది

అందుకే కంటి పుండుకు వైద్యం చుక్కల మందుతో కాదు, ఒక గాజు పలకతో మొదలవుతుంది. ముందు కంట్లో మత్తు చుక్క వేస్తారు. రోగి గడ్డాన్ని స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష యంత్రం ఆసరా మీద ఆనిస్తే డాక్టరు అందులోంచి చూస్తూ సన్నని బ్లేడుతో పుండు అంచుల్ని, అడుగును మెల్లగా గీస్తారు. బ్లేడు కొనకు అంటుకున్న ఆ పిసరంత పదార్థాన్ని గాజు పలకల మీద రాస్తారు. ఒక పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క పడుతుంది. ఆ క్షారానికి కంటి కణాలు కరిగి పారదర్శకంగా మారతాయి. బూజు దారాలు గట్టి గోడలవి కాబట్టి కరగకుండా మిగిలి కనిపిస్తాయి. బట్టలకు తెల్లదనం ఇవ్వడానికి వాడిన కాల్కోఫ్లోర్ అనే రసాయనాన్ని కూడా చేర్చి అతినీలలోహిత కాంతిలో చూస్తే ఆ దారాలు చీకట్లో నీలి మెరుపుతో వెలుగుతాయి. 2002 నాటి పరిశోధన ప్రకారం ఉత్త పొటాషియం హైడ్రాక్సైడ్ పరీక్షే 91 శాతం బూజు కేసులను పట్టేసింది. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక సూక్ష్మదర్శిని, చూసే కన్ను ఉంటే చాలు.

మిగిలిన పిసరును పళ్లెంలోని ఆహారం మీద ఇంగ్లీషు 'సి' అక్షరాల ఆకారంలో వరుసగా గీస్తారు. ఇది అందం కోసం కాదు. గాలిలో తిరిగే బూజులు కూడా పళ్లెంలో పడి మొలుస్తాయి కదా! గీసిన గీత మీద మొలిస్తే రోగి కంటిలోంచి వచ్చింది. గీతకు అవతల మొలిస్తే దారిన పోయే దానయ్య. దానిని లెక్కలోకి తీసుకోరు.

బూజు అని తేలాక ఏ మందు? దీనికీ జవాబు మదురై నుంచే వచ్చింది. డాక్టర్ ఎన్. వెంకటేశ్ ప్రజ్ఞ, అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి 323 మంది రోగులతో ఒక పరీక్ష నడిపారు. సగం మందికి దశాబ్దాలుగా వాడుతున్న నాటమైసిన్, సగం మందికి కొత్తగా వచ్చిన వోరికోనజోల్. ఎవరికి ఏది వేస్తున్నదీ రోగికీ తెలియదు, చూపు కొలిచేవారికీ తెలియదు. కొత్తది గెలుస్తుందని చాలామంది అనుకున్నారు. 2013లో ఫలితాలు వచ్చేసరికి పాతదే గెలిచింది. వోరికోనజోల్ వేసినవారిలో కార్నియాకు చిల్లు పడటం, ఆపరేషన్ అవసరం కావడం ఎక్కువ. ఫ్యుజేరియం పుండ్లలోనైతే తేడా మరీ స్పష్టం.

నాటమైసిన్ పని చేసే తీరును గుర్తు పెట్టుకోండి. కథలో మలుపు అక్కడే ఉంది. బూజు కణాల పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. మన కణాల్లో కొలెస్టెరాల్ ఎలాగో వాటికి అది అలాగ. నాటమైసిన్ నేరుగా పోయి ఆ ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుంటుంది. కణం దెబ్బతింటుంది. ఎర్గోస్టెరాల్ లేని జీవి ఎదురైతే? పట్టుకోవడానికి పిడి లేదు. మందు జారిపోతుంది.

పసుపు చేలో చుట్టం

పైథియం కణాల పొరలో ఎర్గోస్టెరాల్ లేదు. బూజుల గోడల్లో ఎక్కువగా ఉండే కైటిన్‌కు బదులు దీని గోడలో సెల్యులోజ్ ఉంది, మొక్కల్లో ఉన్నట్టు. కాల్కోఫ్లోర్ రెండింటినీ అంటుకుంటుంది కాబట్టి సూక్ష్మదర్శిని కింద ఇదీ నీలంగానే వెలిగి బూజులా మోసం చేస్తుంది. వంశవృక్షంలో చూస్తే బూజులు మనకే దగ్గరి చుట్టాలు. పైథియం చుట్టాలేమో సముద్రంలో పెరిగే గోధుమ రంగు నాచులు. దారాలుగా పాకే అలవాటు ఒకటే ఇద్దరికీ కలిసింది.

మన రైతులకు ఈ కుటుంబం కొత్తది కాదు. నిజామాబాద్ పసుపు చేలో ఆకులు అంచుల నుంచి పండుబారి, కొమ్ము మెత్తబడి కంపు కొడితే దుంపకుళ్లు అంటారు. అది పైథియం జాతి పనే. పొగాకు, మిరప, టమాట నారుమడుల్లో మొక్కలు మొదలు దగ్గర నీరుపట్టి పడిపోయే నారుకుళ్లు కూడా ఈ జాతి వల్లే వస్తుంది. 1840లలో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను తుడిచిపెట్టి కరవు తెచ్చిన తెగులుకు కారణం దీని దాయాదే. మామూలు బూజు తెగుళ్లకు చల్లే కార్బెండజిమ్ దుంపకుళ్లును ఆపదు, మెటలాక్సిల్ పని చేస్తుంది. చేలోనూ కంట్లోనూ లెక్క ఒకటే. శత్రువు ఎవరో తెలియకపోతే మందు ఎంత మంచిదైనా దండగ.

కళ్ల మీద పడే పైథియం, పసుపును కుళ్లబెట్టే పైథియం ఒకటి కావు, దాయాదులు. కంటి పైథియం శరీరపు వెచ్చదనంలోనూ హాయిగా పెరుగుతుంది. అందుకే జంతువులకూ మనుషులకూ ముప్పు. బ్రిటిష్ సైన్యంలోని పశువైద్యులు 1880లలోనే మన దేశపు గుర్రాలకు వానాకాలంలో పడే మొండి పుండ్ల గురించి రాశారు. 'బర్సాత్' వచ్చినప్పుడు వస్తుంది కాబట్టి ఆ జబ్బును 'బర్సాతీ' అనేవారు. నీళ్లలో నానే గుర్రపు కాళ్లకు ఆ పుండ్లు పడేవి. ఈ జీవికి ఇప్పటి పేరు స్థిరపడింది 1987లో.

నీటితో దీనికి ఉన్న బంధాన్ని సావిత్రి శర్మ బృందం గుర్తింపు పరీక్షగా వాడుకుంది. ఉడికించిన ఆకు ముక్కను పళ్లెంలోని పైథియం మీద పరుస్తారు. దారాలు ఆకులోకి పాకాక, కొద్దిగా లవణాలు కలిపిన వెచ్చని నీళ్లలోకి ఆకును మారుస్తారు. కొన్ని గంటల్లో దారాల కొనలు బుడగల్లా ఉబ్బుతాయి. బుడగ లోపల పదార్థం ముక్కలు ముక్కలుగా విడిపోయి కదలడం మొదలుపెడుతుంది. ఇంతలో బుడగ చిట్లుతుంది. చింతగింజల ఆటలో పిడికిలి విప్పినట్టు చిన్న చిన్న జీవకణాలు చెల్లాచెదురై, ఒక్కోటి రెండేసి తోకలతో ఈదుకుంటూ పోతాయి. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ జన్మలో ఈదలేవు. వేషం అక్కడ తొలగిపోతుంది. ఏళ్ల తరబడి పూయని తీగ నీళ్లలో పెడితే పూసిందన్నమాట!

బూజుకు బ్యాక్టీరియా మందు?

పేరైతే దొరికింది. మందు? మొదట్లో ఆపరేషనే దిక్కు. కుళ్లిన కార్నియాను కోసి తీసి, చనిపోయినవారు దానం చేసిన కార్నియాను కుట్టాలి. దారం ముక్క ఒకటి మిగిలినా కొత్త కార్నియాలోకి మళ్లీ పాకేది. కొందరికి కన్నే తీసేయాల్సి వచ్చేది.

ఆ దశలో వైద్యులు విచిత్రమనిపించే దారి పట్టారు. బ్యాక్టీరియాల మీద వాడే యాంటీబయాటిక్‌లు కొన్ని ప్రయోగశాలలో పైథియం పెరుగుదలను ఆపుతున్నాయి. లినెజోలిడ్, అజిత్రోమైసిన్ వాటిలో ఉన్నాయి. ఇవి కణం గోడలతోనూ పొరలతోనూ పెట్టుకోవు. సూక్ష్మజీవి లోపల ప్రొటీన్లు తయారయ్యే చోటికి అడ్డం పడతాయి. 2017లో ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రికే చెందిన మురళీధర్ రామప్ప, సావిత్రి శర్మ తదితరులు, పైథియం అని భావించిన ఒక పుండును ఆపరేషన్ లేకుండా ఈ మందులతో మాన్పిన తీరును ప్రచురించారు. మరుసటి ఏడాది భూపేశ్ బగ్గా, సావిత్రి శర్మ బృందం పళ్లెంలోనూ కుందేళ్లలోనూ రోగుల్లోనూ పరిశీలించి ఫలితాలు వెల్లడించింది. బూజు మందులు వాడినప్పటి కన్నా ఈ మందులు వాడినప్పుడు ఆపరేషన్ దాకా వెళ్లాల్సిన అవసరం తగ్గింది. నరానికి ఎక్కించే లినెజోలిడ్ సీసాలోని మందు 0.2 శాతం గాఢతలో ఉంటుంది. కంట్లో చుక్కలుగా వేసేదీ ఆ గాఢతలోనే.

ఇది మంత్రం కాదు. పుండు లోతుకు పోయాక, అంచుల దాకా పాకాక వచ్చినవారికి ఇప్పటికీ ఆపరేషన్ తప్పడం లేదు. అందుకే త్వరగా పోల్చుకోవడం మీదే దృష్టి అంతా. భువనేశ్వర్‌లోని ఎల్వీ ప్రసాద్ కేంద్రం పరిశోధకులు 2017లోనే ఒక తేలిక పద్ధతి చూపించారు. బళ్లో బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలం రంగు వచ్చేది గుర్తుందా? అలాంటిదే. అయోడిన్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి పలక మీది దారాలపై వేస్తే సెల్యులోజ్ గోడలున్న పైథియం నీలి నలుపుకు తిరుగుతుంది. బూజు పసుపు గోధుమ రంగులోనే ఉండిపోతుంది. డీఎన్ఏ యంత్రం లేని చోట కూడా చేయగల పరీక్ష ఇది.

ఈ పరిశోధనా పత్రాలన్నీ వరుసగా చదివితే ఒక్క సంగతి మళ్లీ మళ్లీ తగులుతుంది. ఇందులో కొత్తగా కనిపెట్టిన మందు ఒక్కటీ లేదు. నాటమైసిన్ పాతది, లినెజోలిడ్ వేరే జబ్బులకు అప్పటికే వాడుకలో ఉన్నది, అయోడిన్ బడిపిల్లలు ఎరిగినది. మారిందల్లా రోగి కంటిలో ఉన్నది ఎవరన్న ప్రశ్నను వదలకుండా అడగడం. 'గుర్తు తెలియనిది' అని రాసిన పళ్లేలను పారేయకుండా దాచి, మళ్లీ తెరిచి చూడటం.

పద్దెనిమిది గంటలు

ప్రయోగశాల దాకా రాకుండానే ఆగిపోయే పుండ్ల గురించి చెప్పి ముగిస్తాను. నేపాల్‌లోని భక్తపూర్ జిల్లాలో డాక్టర్ మదన్ ఉపాధ్యాయ్ బృందం దాదాపు 35 వేల మందిని రెండేళ్లపాటు గమనించింది. ఊళ్లోనే శిక్షణ పొందిన కార్యకర్తలు, కంటికి గీత పడినవారికి మామూలు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్ల చొప్పున మూడు రోజులు పెట్టారు. అలా 442 మంది. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు వచ్చిన 284 మందిలో ఒక్కరికీ పుండు పడలేదు. 18 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 109 మందిలో నలుగురికి పడింది. ఒక రోజు దాటి రెండు రోజుల్లోపు వచ్చిన 49 మందిలో 14 మందికి పడింది. 2001లో అచ్చయిన ఈ లెక్కల్లో మందు ఒకటే. మారింది గడియారం ఒక్కటే.

మన ఊళ్లలో ఆ గంటలు ఎలా గడుస్తాయో మనకు తెలుసు. ఆకు పసరు పిండుతారు. తల్లిపాలు వేస్తారు. నాలుకతో నలుసు తీసేవాళ్ల దగ్గరికి తీసుకుపోతారు. అవేవీ తగ్గించకపోతే మెడికల్ షాపులో 'ఎర్ర కంటికి చుక్కలు' అడుగుతారు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే మొదటి రోజు ఎరుపు తగ్గి హాయిగానే ఉంటుంది. లోపల బూజుకు ఎదురు లేకుండా పోతుంది. ఆసుపత్రికి చేరేసరికి వారం గడిచి, నల్లగుడ్డు మీద పుండు తెల్లగా తేలి ఉంటుంది.

కంట్లో ఆకు గీసుకున్నా, గింజ తగిలినా, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవారికి కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా నలపకండి. శుభ్రమైన నీటితో కడుక్కుని ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పనికి పోయేటప్పుడు వంద రూపాయల కళ్లద్దాలు పెట్టుకుంటే అసలు వెళ్లే పనే ఉండకపోవచ్చు. పుండు అని చెబితే డాక్టరును ఒక్క మాట అడగండి: "గీసి చూశారా?" సరైన మందు రాయడానికి ముందు ఏ డాక్టరైనా తేల్చుకోవాల్సింది అదే.